హెచ్‌ఐవీతో జీవిస్తున్నప్పుడు మనసును, ఇంటిని, నలుగురిని ఎలా నెగ్గుకురావాలి

హెచ్‌ఐవీకి మన దేశంలో ఇప్పుడు మంచి వైద్యం అందుతోంది. 2004 ఏప్రిల్ 1న కొద్ది ఆసుపత్రుల్లో ఉచితంగా మొదలైన ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, నేడు దాదాపు అన్ని జిల్లాలకూ చేరాయి. 2017 నుంచి సీడీ4 కౌంట్ (రోగనిరోధక శక్తిని చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంత ఉందన్నదానితో సంబంధం లేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు మొదలుపెడుతున్నారు. చాలామందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతోంది. ఆ మాత్ర వేసుకోవడానికి నిమిషం పట్టదు గాని, మిగిలిన రోజంతా మనుషుల మధ్యే గడపాలి. సీసా ఎక్కడ పెట్టాలి, ఇంట్లో ఎవరికి చెప్పాలి, అడిగినవారికి ఏమని జవాబివ్వాలి, రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు మందుల చీటీలో సమాధానం దొరకదు. 2021 నాటి జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 3 లక్షలకు పైగా, తెలంగాణలో దాదాపు లక్షన్నర మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. ఇంతమంది ఉన్నా, వీరిలో చాలామంది తమ ఊళ్ళో ఈ కష్టం తమ ఒక్కరిదేనన్నట్లు బతుకుతున్నారు. మందును ఎంత క్రమంగా వాడతామో ఈ ప్రశ్నలను కూడా అంత క్రమంగా పరిష్కరించుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ఎలాగో వరుసగా చెబుతాను.

మొదటి నెలలో మందులు తప్ప మరే పెద్ద నిర్ణయమూ వద్దు

ప్రైవేటు ల్యాబులో ఒక్క పరీక్షతో పాజిటివ్ వచ్చి ఉంటే, ముందు ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రానికి, వెళ్ళి నిర్ధారించుకోండి. అక్కడ వేర్వేరు రకాల కిట్లతో మూడు పరీక్షలు చేసి, మూడింటిలోనూ పాజిటివ్ వస్తేనే ఫలితం ఖాయం చేస్తారు. పరీక్షకు మీ అంగీకారం తీసుకోవాలి, ముందూ తరువాతా కౌన్సెలింగ్ ఇవ్వాలి, డబ్బేమీ తీసుకోరు. నిర్ధారణ కాగానే ఏఆర్‌టీ సెంటర్‌లో పేరు నమోదు చేయించుకుని, డాక్టరు చెప్పిన రోజున మందులు మొదలుపెట్టండి.

మిగిలిన నిర్ణయాలన్నీ వాయిదా వేయండి. ఉద్యోగానికి రాజీనామా చేయడం, కుదిరిన పెళ్ళిని కారణం చెప్పకుండా వదిలేసి ఊరు విడిచి వెళ్ళడం, ఉన్న కాస్త పొలాన్ని అయినకాడికి అమ్మేయడం, ఆవేశంలో బంధువులందరి ముందూ బయటపెట్టడం వంటివి మొదటి నెలలో చేసినవారు తరువాత ఎంతో బాధపడుతుంటారు. చేసిన అమ్మకాన్ని గాని, అన్న మాటను గాని వెనక్కు తీసుకోవడం కష్టం.

ఆ నెలలో మనసు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇది నాకు ఎవరి వల్ల వచ్చింది? ఆ ప్రశ్నకు చాలాసార్లు కచ్చితమైన జవాబు దొరకదు. హెచ్‌ఐవీ ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉండగలదు కాబట్టి, దంపతులలో ముందుగా పరీక్షలో బయటపడిన వ్యక్తికే ముందుగా సోకిందని చెప్పడానికి వీల్లేదు. గర్భిణులకు తప్పనిసరిగా పరీక్ష సూచిస్తారు గనుక ఇంట్లో తొలుత భార్య రిపోర్టే పాజిటివ్ రావడం, ఆ ఒక్క కారణంతో నింద ఆమె మీద పడడం మన ప్రాంతంలో ఎన్నో కుటుంబాల్లో జరిగింది. మీ ఇంట్లో అలాంటి మాట వస్తే, ఇద్దరినీ కౌన్సెలర్ దగ్గరకు తీసుకువెళ్ళి ఆ విషయం ఆయన నోటనే చెప్పించండి.

చనిపోవాలన్న ఆలోచన వస్తే దానితో ఒంటరిగా ఉండకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ కౌన్సెలర్లు రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. హెచ్‌ఐవీ గురించి పేరు చెప్పకుండానే అడగాలనుకుంటే 1097 ఉచిత నంబరు ఉంది. ఇంట్లో పురుగుమందు డబ్బాల వంటివి ఉంటే వాటిని నమ్మకమైన మనిషి చేతికిచ్చి మీ అందుబాటులో లేకుండా తాళం వేయించండి. ఆ ఉద్ధృతి సాధారణంగా ఎంతోసేపు ఉండదు; అది తగ్గేవరకు పక్కన ఒక మనిషి ఉండడమే ముఖ్యం.

భయాన్ని కౌన్సెలర్ చెప్పిన మాటలతోనూ అంకెలతోనూ సరిచూసుకోండి

మందు వాడేవారు రెండు అంకెలు తెలుసుకోవాలి. సీడీ4 కౌంట్ మీ శరీరానికి ఉన్న రోగనిరోధక శక్తిని చెబుతుంది. అది 200 కన్నా తగ్గితే టీబీ వంటి ఇతర జబ్బులు పట్టుకునే ముప్పు బాగా పెరుగుతుంది. వైరల్ లోడ్ రక్తంలో వైరస్ ఎంత ఉందో చెబుతుంది. మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు, మళ్ళీ పన్నెండు నెలలకు, ఆపై ఏడాదికోసారి వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. సెంటర్‌లో మీకు ఇచ్చిన చికిత్స వివరాల గ్రీన్ బుక్కులో ఆ అంకె రాయించుకుని, అర్థం కాకపోతే అక్కడే అడగండి.

ఈ అంకెకు మానసికంగా ఎంత విలువ ఉందో చాలామందికి ఎవరూ చెప్పరు. మాత్రలు క్రమంగా వాడుతూ, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడనంత తక్కువకు చేరి అలాగే నిలకడగా ఉన్న వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఒకరు పాజిటివ్‌గా, మరొకరు నెగెటివ్‌గా ఉన్న జంటలను ఏళ్ళ తరబడి పరిశీలించిన అధ్యయనాల్లో ఈ విషయం రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో దీన్ని స్పష్టంగా ప్రకటించింది. అయితే ఈ భరోసా లైంగిక సంబంధానికే వర్తిస్తుంది. రక్తదానం చేయకూడదు, సూదులు పంచుకోకూడదు. ఇతర సుఖవ్యాధుల నుంచి కాపాడుకోవడానికి కండోమ్ అవసరం అలాగే ఉంటుంది.

ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూమ్ వాడినా, చంటిపిల్లను ముద్దుపెట్టుకున్నా, దోమ కుట్టినా హెచ్‌ఐవీ రాదు. ఈ మాట అందరికీ తెలిసినదే అనిపిస్తుంది గాని, ఇంట్లో ఎవరూ ఏమీ అనకముందే తన గ్లాసును తానే వేరుగా పెట్టుకునేవారు, మనవడిని ఎత్తుకోవడం మానేసేవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. మీరు అలా చేస్తుంటే ఈరోజు భోజనానికే ఆ గ్లాసును మిగతా గ్లాసుల్లో కలిపేయండి. మీరు దూరం జరిగితే ఇంట్లోవారు దాన్ని చూసి, నిజంగానే ఏదో ప్రమాదం ఉందని అనుకుంటారు.

హెచ్‌ఐవీని పూర్తిగా నయం చేస్తామని కరపత్రాలు పంచేవారిని, యూట్యూబ్‌లో కనిపించే మూలికల వ్యాపారులను దయచేసి నమ్మకండి. వారి మాట విని ఏఆర్‌టీ ఆపితే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, డబ్బూ పోతుంది.

మాత్రకు ఇంట్లో చోటు, రోజులో వేళ నిర్ణయించండి

ముప్పై మాత్రల ప్లాస్టిక్ సీసా కదిలిస్తే గలగలమంటుంది. ఉమ్మడి కుటుంబంలో ఉన్నవారికి, హాస్టల్లో ఉన్నవారికి, రాత్రి బస్సులో ప్రయాణించేవారికి ఆ చప్పుడే పెద్ద భయం. ఇందుకు తేలికైన మార్గాలున్నాయి. సీసాలో కాస్త శుభ్రమైన దూది ఉంచితే చప్పుడు ఆగిపోతుంది. లోపల తేమ పీల్చడానికి పెట్టిన చిన్న పొట్లాన్ని మాత్రం తీయకండి. పైనున్న లేబుల్‌ను నీళ్ళలో తడిపి ఒలిచేసేవారు చాలామంది ఉన్నారు. అలా చేస్తే మాత్ర పేరు, ముగిసే తేదీ మరో చోట రాసి ఉంచుకోండి. రెండు మూడు రోజుల ప్రయాణానికి కావలసిన మాత్రలను మాత్రమే చిన్న డబ్బాలో తీసుకువెళ్ళి, మిగిలినవి ఇంట్లోనే ఉంచండి. అనుకోకుండా తిరుగు ప్రయాణం ఆలస్యమైతే ఇబ్బంది పడకుండా రెండు మాత్రలు ఎక్కువ పెట్టుకోండి.

రోజూ మీరు తప్పక చేసే ఏదో ఒక పనితో మాత్రను జత చేయండి. రాత్రి భోజనం తరువాత పళ్ళు తోముకునే అలవాటు ఉంటే ఆ వేళకు, ఉదయం టీ తాగాకే పనికి వెళ్ళేవారైతే అప్పుడు వేసుకోండి. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న డొలుటెగ్రావిర్ కలిసిన మాత్ర భోజనంతోనూ, భోజనం లేకుండానూ వేసుకోవచ్చు. కాబట్టి ఏకాదశి ఉపవాసమైనా, అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనమైనా మాత్ర మానడానికి కారణం కాదు. రంజాన్ మాసంలో ఉపవాసం ఉండేవారు సహరీ వేళకో ఇఫ్తార్ తరువాతకో మార్చుకుని నెలంతా అదే వేళ పాటించవచ్చు. ముందుగా డాక్టరుకు చెప్పండి. కొందరికి ఈ మాత్రతో నిద్ర సరిగా పట్టదు. అది మనోవేదన వల్లే అనుకుని ఊరుకోకుండా అడిగితే, వేళను ఉదయానికి మార్చమని డాక్టరు చెప్పవచ్చు. గ్యాస్‌కు వాడే యాంటాసిడ్లు, క్యాల్షియం, ఐరన్ మాత్రలు దీని పనిని తగ్గించగలవు కనుక, మందుల షాపులో సొంతంగా కొనుక్కునే ముందు అడగండి.

ఒక డోసు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, రెండు కలిపి వేసుకోకండి. ఏం మాత్ర అని ఎవరైనా అడిగితే ఇవ్వవలసిన జవాబును ముందే తయారుగా ఉంచుకోండి. "డాక్టరు ఏడాది పొడవునా వాడమన్న మందు" అన్న మాట అబద్ధం కాదు, అంతకన్నా వివరించే బాధ్యతా మీకు లేదు.

ఎవరికి చెప్పాలో మీరే నిర్ణయించండి

మీ స్థితి బయటపెట్టే హక్కు మీది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయడాన్ని, ఫలితాన్ని ఇతరులకు చెప్పడాన్ని ఆ చట్టం, అందులో పేర్కొన్న కొద్ది సందర్భాలు తప్ప, నిషేధించింది. అందుచేత చెప్పాలా వద్దా అన్నది వ్యక్తి వ్యక్తికీ వేరుగా ఆలోచించండి. ప్రతి ఒక్కరి విషయంలోనూ మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈ మనిషికి తెలిస్తే నాకు ఏ పనిలో సాయం అందుతుంది? ఈ మనిషి ఇదివరకు ఎవరి రహస్యమైనా బయటపెట్టారా? రేపు మా మధ్య గొడవ వస్తే ఈ విషయాన్ని నా మీద వాడుకుంటారా? అమ్మకు చెప్పాలని మనసు కొట్టుకుంటుంది. అమ్మ మంచిదే కావచ్చు, కాని ఆవిడ దిగులుతో చెల్లెలికి, చెల్లెలు భర్తకు చెప్పే ఇల్లయితే ఇంకొన్నాళ్ళు ఆగడమే మేలు. పొరుగువారికి, ఆఫీసులో పక్క సీటువారికి, ఇంటి యజమానికి చెప్పవలసిన అవసరం లేదు.

ఒక్కరికైనా తెలిసి ఉండడం మాత్రం అవసరం. ఆ ఒక్కరు ఇంట్లో లేకపోతే ఏఆర్‌టీ సెంటర్‌తో కలిసి పనిచేసే కేర్ అండ్ సపోర్ట్ సెంటర్‌లోనో, జిల్లాలోని పాజిటివ్ నెట్‌వర్క్ (హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘం)లోనో దొరుకుతారు. అక్కడ పనిచేసేవారిలో చాలామంది తామూ హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారే. ఇదే దారిలో ముందుగా నడిచిన మనిషితో పది నిమిషాలు మాట్లాడితే కలిగే ధైర్యాన్ని పుస్తకాలు ఇవ్వలేవు.

భార్యకు లేదా భర్తకు చెప్పేటప్పుడు

ఈ ఒక్క సంభాషణ గురించి ఎక్కువగా రాయక తప్పదు. చట్టం పాజిటివ్ వ్యక్తి మీద ఒక బాధ్యత పెట్టింది: ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలి. ముందుగానే భాగస్వామికి చెప్పడం అందులో ఒక మార్గం. భాగస్వామికి సోకే ముప్పు గణనీయంగా ఉండి, కౌన్సెలింగ్ ఇచ్చినా పాజిటివ్ వ్యక్తి చెప్పబోరని తేలినప్పుడు, ఆ విషయాన్ని ముందుగా ఆ వ్యక్తికే తెలియజేసి, డాక్టరో కౌన్సెలరో స్వయంగా భాగస్వామికి చెప్పడానికి చట్టం అవకాశమిచ్చింది. అయితే చెబితే భర్త కొడతాడని, ఇంట్లోంచి గెంటేస్తాడని భయపడడానికి తగిన కారణం ఉన్న స్త్రీకి చట్టం రక్షణ కల్పించింది. మీరు ఆ పరిస్థితిలో ఉంటే ఇంట్లో నోరు తెరవకముందే కౌన్సెలర్‌కు ఆ భయాన్ని చెప్పండి. ఇది చాలా ముఖ్యం.

అటువంటి ప్రమాదం లేనిచోట, ఆలస్యం చేసిన కొద్దీ "ఇన్నాళ్ళు నా దగ్గర దాచావా" అన్న గాయం పెద్దదవుతుంది. చాలా ఇళ్ళలో జబ్బుకన్నా దాచడమే ఎక్కువ బాధపెడుతుంది. అందుకే మొదటి కొన్ని వారాల్లోనే చెప్పడానికి సిద్ధం కండి. పండుగ రోజు, మద్యం తాగిన రాత్రి, పిల్లలు పక్క గదిలో మెలకువగా ఉన్న వేళ, గొడవ జరుగుతున్నప్పుడు చెప్పవద్దు. ఇద్దరికీ తొందర లేని పగటి వేళ చూసుకోండి. ఇంటికన్నా కౌన్సెలర్ గది మేలనిపిస్తే, "నాకు ఒంట్లో బాగుండడం లేదు, డాక్టరుగారు మనిద్దరినీ కలిసి రమ్మన్నారు" అని తీసుకువెళ్ళండి.

మాటలు ముందే అనుకోండి. మొదట విషయం, వెంటనే భరోసా, ఆ తరువాత చేయవలసిన పని అన్న వరుస బాగా పనిచేస్తుంది. భర్త భార్యతో ఇలా చెప్పవచ్చు: "నీతో ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. నాకు రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తేలింది. మందులు మొదలుపెట్టాను, రోజూ వాడితే అందరిలాగే బతకవచ్చని డాక్టరుగారు చెప్పారు. నువ్వు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి, నేను వెంట వస్తాను." ఇంతవరకు చెప్పి ఆగండి. ఎదుటివారు ఏడ్వవచ్చు, తిట్టవచ్చు, ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు. వెంటపడి సంజాయిషీలు చెప్పకండి, ఆ రోజే క్షమించమని అడగకండి. మీకు ఆ రిపోర్టును జీర్ణించుకోవడానికి ఎన్ని రోజులు పట్టిందో వారికీ అన్ని రోజులు పడతాయి. గతం గురించి అడిగితే నిజమే చెప్పండి, అడగని వివరాలు కుమ్మరించకండి.

వారి పరీక్ష నెగెటివ్ వస్తే విండో పీరియడ్ (సోకినా పరీక్షలో ఇంకా బయటపడని తొలి రోజులు) దృష్ట్యా మళ్ళీ ఎప్పుడు చేయించాలో అడిగి తెలుసుకోండి. మీ వైరల్ లోడ్ కనబడనంతగా తగ్గిందని డాక్టరు నిర్ధారించేవరకు కండోమ్ తప్పక వాడండి. పాజిటివ్ వస్తే ఇద్దరూ ఒకే వేళకు మాత్ర వేసుకునే ఏర్పాటు చేసుకోండి. ఒకరికొకరు గుర్తుచేసుకునే ఇళ్ళలో డోసులు తప్పడం తక్కువ. తల్లి పాజిటివ్ అయితే పిల్లలకూ పరీక్ష చేయించడం మరవకండి.

భర్త పోయిన స్త్రీ తన చోటు వదులుకోకూడదు

భర్త మరణించాక అత్తవారు "నీ వల్లే పోయాడు" అని నిందించి, ఇల్లూ పొలమూ దక్కనీయకుండా పుట్టింటికి పంపేయడం తెలుగునాట పాత కథ. మీ మీద అలాంటి ఒత్తిడి వస్తే ఇల్లు వదిలి వెళ్ళే ముందు సలహా తీసుకోండి, తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టకండి. కలిసి ఉన్న ఇంట్లో నివసించే హక్కు, అక్కడి సౌకర్యాలను వివక్ష లేకుండా వాడుకునే హక్కు మీకు ఉన్నాయని 2017 చట్టం చెబుతోంది. పాజిటివ్ వ్యక్తితో కలిసి బతికినవారికి, అంటే మీ పరీక్ష నెగెటివ్ అయినా మీకు, ఆ రక్షణ వర్తిస్తుంది. భర్త మరణ ధ్రువపత్రం, రేషన్ కార్డు, ఆధార్, పొలం పాసుపుస్తకం నకళ్ళు నమ్మకమైన చోట దాచండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళితే మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కోర్టుకు వెళ్ళవలసి వస్తే మీ అసలు పేరుకు బదులు మారుపేరుతో విచారణ జరపమని కోరవచ్చు.

ఏఆర్‌టీ మందులు వాడేవారికి రెండు రాష్ట్రాల్లోనూ పింఛను ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఈ పింఛను నెలకు 4,000 రూపాయలు అయింది. తెలంగాణలో ఆసరా పథకం కింద ఇస్తున్నారు. దరఖాస్తు ఏఆర్‌టీ సెంటర్ ద్వారా ఎలా పెట్టాలో, డబ్బు ఏ పద్ధతిలో చేతికి అందుతుందో ముందే అడగండి. ఊళ్ళో పేరు బయటపడుతుందన్న భయంతో హక్కుగా వచ్చేదాన్ని వదులుకున్నవారు కొందరున్నారు.

పాజిటివ్‌గా ఉన్న పిల్లలకు వయసును బట్టి చెప్పండి

ఆరు నుంచి పన్నెండేళ్ళ మధ్య బడి వయసు పిల్లలకు వారి స్థితిని తెలియజేయడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది. ఒక్కసారే చెప్పనక్కరలేదు. చిన్నప్పుడు "నీ ఒంట్లో రక్షక సైనికులకు బలమిచ్చే మందు ఇది" అంటే చాలు. తరువాత "సైనికులను ఇబ్బందిపెట్టే ఒక వైరస్ ఉంది, మందు దాన్ని నిద్రపుచ్చుతుంది" అనవచ్చు. అది అర్థమయ్యాక వైరస్ పేరు చెప్పాలి. బయోలజీ పాఠంలోనో, మేనత్త నోటనో, ఆసుపత్రి గోడ మీది పోస్టర్‌లోనో తెలిసేలోపు మీ నోట వినడం మేలు. దాచిపెట్టిన ఇళ్ళలో పధ్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు "నాకేం జబ్బు లేదు" అని మాత్రలు కిటికీలోంచి పారేయడం కౌన్సెలర్లకు బాగా తెలిసిన సంగతి. చెప్పేటప్పుడు ఇది వారి తప్పు కాదని, ఎవరికి చెప్పాలో ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయిద్దామని స్పష్టంగా అనండి. బడిలో చెప్పవలసిన అవసరం లేదు. ఈ కారణంతో బడి ప్రవేశం నిరాకరించకూడదు.

మనసు కుంగినప్పుడు దాన్నీ జబ్బుగానే చూసి వైద్యం చేయించండి

రెండు వారాలకు మించి ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి గుండె దడదడలాడడం, అన్నం సహించకపోవడం, తాను అందరికీ భారమన్న ఆలోచన వదలకపోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనబడుతుంది, మందులతోనూ మాటలతోనూ తగ్గుతుంది. ఏఆర్‌టీ డాక్టరును అడిగితే అదే ఆసుపత్రిలోని మానసిక వైద్యుని దగ్గరకు పంపుతారు. ఆ డాక్టరుకు మీరు వాడే ఏఆర్‌టీ మాత్ర పేరు తప్పక చెప్పండి. మద్యంతో నిద్రపోయే అలవాటు ఉంటే దాచకండి. తాగిన రాత్రి మాత్ర మరిచిపోతారు, తెల్లవారితే దిగులు మరింత పెరుగుతుంది.

తప్పు చేశానన్న భావన చాలామందిని లోలోపల తినేస్తుంది. "శిక్ష అనుభవిస్తున్నాను కదా, మందులెందుకు" అని నెలల తరబడి సెంటర్‌కు రానివారిని నేను ఎరుగుదును. ఒక వైరస్‌కు మీ గుణగణాలతో పనిలేదు. రక్తమార్పిడితో వచ్చినా, భర్త నుంచి వచ్చినా, మరే విధంగా వచ్చినా మందు అందరికీ ఒకేలా పనిచేస్తుంది, ఒకే గౌరవంతో అందాలి కూడా.

ఆసుపత్రిలో, ఉద్యోగంలో వివక్ష ఎదురైతే

ఆపరేషన్‌కు నిరాకరించడం, మంచం మీద అందరికీ కనిపించేలా హెచ్‌ఐవీ అని చీటీ అంటించడం, ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్ష అడగడం చట్టవిరుద్ధం. అక్కడికక్కడే గొడవపడితే మీ విషయం నలుగురికీ తెలిసిపోయే ప్రమాదం ఉంటుంది. ముందు తేదీ, సమయం, అన్న మాట, అన్న ఉద్యోగి హోదా రాసిపెట్టుకోండి. నిరాకరణను కాగితం మీద రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. చాలాసార్లు ఆ ఒక్క అభ్యర్థనతోనే వారి ధోరణి మారుతుంది. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ఆరోగ్య సంస్థల్లో, 100 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ఇతర సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలని చట్టం చెబుతోంది. అక్కడ న్యాయం జరగకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి రాష్ట్రం నియమించే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆయన 30 రోజుల్లో, వైద్యపరమైన అత్యవసర విషయమైతే వీలైనంత త్వరగా, సాధ్యమైతే 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలి.

ఊరు, దేశం మారేటప్పుడు

పని కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో మారుతుంటే మందులు మానేసి వెళ్ళకుండా సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ అడగండి. కొత్త ఊళ్ళో అదే వైద్యం కొనసాగుతుంది. గల్ఫ్ వీసాలకు జరిగే వైద్యపరీక్షల్లో హెచ్‌ఐవీ కూడా ఉంటుంది, అక్కడ బయటపడితే వెనక్కు పంపేస్తారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఏజెంట్లకు లక్షలు కట్టి వెళ్ళేవారు అప్పు చేయకముందే పరీక్ష చేయించుకుని నిర్ణయించుకోవాలి. అమెరికా హెచ్‌ఐవీ ఉన్నవారి రాకపై ఉన్న నిషేధాన్ని 2010 జనవరిలోనే ఎత్తివేసింది కనుక అక్కడ చదువుకు వెళ్ళే విద్యార్థులకు హెచ్‌ఐవీ అడ్డు కాదు. కాని అక్కడ డాక్టరు, ఇన్సూరెన్సు కుదిరేవరకు సరిపడే మాత్రలు, మందుల చీటీ, తాజా వైరల్ లోడ్ రిపోర్టు వెంట ఉండాలి.

పెళ్ళి, సంతానం గురించి

పెళ్ళి చేసుకోవచ్చు, చెప్పి చేసుకోవాలి. నిశ్చితార్థానికి ముందే, పెద్దలు లేకుండా, ఆ వ్యక్తికి నేరుగా చెప్పండి. పాజిటివ్ నెట్‌వర్కుల ద్వారా పరిచయమై పెళ్ళి చేసుకున్న జంటలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. బిడ్డ కావాలనుకుంటే ముందు వైరల్ లోడ్ చూపించుకుని డాక్టరుతో మాట్లాడండి. తల్లి క్రమంగా మందులు వాడి, కాన్పు ఆసుపత్రిలో జరిగి, బిడ్డకు ఇచ్చే సిరప్ పూర్తిగా పట్టిస్తే సోకే అవకాశం చాలా తక్కువ. బిడ్డకు ఆరు వారాల వయసులో మొదటి రక్తపరీక్ష చేస్తారు. ఆ ఫలితం బాగుందని తెలియగానే చాలామంది తల్లులు సెంటర్‌కు తీసుకురావడం మానేస్తారు. పాలు మాన్పించాక చేసే పరీక్ష, 18 నెలలకు చేసే చివరి నిర్ధారణ పరీక్ష పూర్తయ్యేవరకు ఇచ్చిన ప్రతి తేదీకి బిడ్డను తీసుకువెళ్ళండి.